డాక్టరును తొయ్యని చేతులు

ఇది నేను ఆరేళ్ల కిందట రాయాల్సింది. అప్పుడు నాకు అక్షరాలు రావు. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితాల మీద వేలిముద్ర వేసేదాన్ని. మందు సీసా మీద ఏముందో తెలుసుకోవాలన్నా ఎవరో ఒకరి మొహం చూసేదాన్ని. యాభై ఐదు దాటినాక కువైట్‌లోనే, అబ్బాసియాలో బట్టలు కుట్టే సుజాత దగ్గర నేర్చుకున్నాను. సుజాతది కోనసీమ. ఆమె అంగట్లో అరబ్బు ఆడవాళ్లు పైన వేసుకునే అబాయాలు కుట్టగా మిగిలిన నల్ల గుడ్డముక్కలే నా పలక. బట్ట మీద గీత గీసే సుద్దే నా బలపం. శుక్రవారం పొద్దున రెండు గంటలు కూర్చునేదాన్ని. తప్పు రాస్తే గుడ్డను దులిపితే చాలు, మళ్లీ నల్లగా అయ్యేది.

"పిన్నిగారండీ, సూదిలోకి దారం ఎక్కించడం వచ్చినోళ్లకి ఇదో లెక్కా అండీ?" అనేది సుజాత.

"దారం ఒకసారి ఎక్కితే ఆడే ఉంటాది మ్మే. ఇవి పొద్దున నేర్చుకుంటే సాయంత్రానికి మాయమైతా ఉండాయి," అనేదాన్ని నేను.

ఆ వయసులో అక్షరాలు నేర్చుకోవాలని నాకు ఎందుకు పుట్టిందంటే, ఒక గోడ మీద అంటించాల్సిన కాగితం కోసం. ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఇప్పుడు నా ఉద్యోగం అయిపోయింది. ఇఖామాకు ఇంకా ఒక నెల ఉంది. ఆస్పత్రి పరీక్ష గదిలో నా స్థానంలోకి వచ్చిన పిల్ల మొన్న నన్ను అడిగింది, "అక్కా, ఆ గదిలో ఏముంది పని? తుడవడమే కదా?" అని. కాదని నోటితో చెప్పబోయి ఆగిపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అందుకే రాస్తున్నాను. ఆ గదికి పనికి వచ్చే పిల్లలందరికీ ఇది.

కరెంటు గది

నేను కువైట్‌కు ఇంటిపనికి వచ్చాను. మాది రాయచోటి దగ్గర పల్లె. జహ్రాలో ఒక ఇంట్లో పన్నెండేళ్లు చేశాను. ఆ ఇంటి పెద్దాయన పోయాక పిల్లలు వేరేవేరే ఇళ్లకు వెళ్లిపోయారు. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, మంచిది, నన్ను విడుదల చేసి, ఆస్పత్రులు శుభ్రం చేసే కంపెనీలోకి వీసా మారడానికి సంతకం పెట్టింది. కంపెనీ నన్ను ఒక పెద్ద ఆస్పత్రిలో నరాల పరీక్ష గదికి పంపింది. అక్కడి మనిషి రెండు వారాలు సెలవు పెట్టిందని పంపారు. ఆమె తిరిగి రాలేదు. నేను పద్నాలుగేళ్లు ఉన్నాను.

ఆ గదిలో ఒక మంచం, ఒక మిషను, దాని దగ్గర కూర్చోవడానికి కింద చక్రాలున్న కుర్చీలు రెండు, చేతులు కడుక్కునే సింకు. చేతుల్లో తిమ్మిరి ఉన్నవాళ్లు, కాళ్లలో మంట ఉన్నవాళ్లు, మెడనొప్పి భుజం దాటి వేళ్లలోకి దిగినవాళ్లు వస్తారు. చెయ్యి మీద బిళ్లలు అంటించి, మణికట్టు దగ్గర చిన్న కరెంటు ఇస్తారు. తర్వాత మోచేతి దగ్గర ఇస్తారు. పై నుంచి కింది దాకా ఆ కరెంటు రావడానికి ఎంతసేపు పట్టిందో మిషను చూస్తుంది. కనురెప్ప మూసి తెరిచేంత కూడా పట్టదు. ఆ కొంచెంలోనే ఎక్కువ తక్కువలు ఉన్నాయని తెలిసిన రోజు నాకు రాత్రి అన్నం సయించలేదు. నరం అంటే తాడులాంటిదని అంతకుముందు అనుకునేదాన్ని.

మిషను నడిపే ఆలీసు సిస్టరుది కేరళ. మేమిద్దరం హిందీలో మాట్లాడుకునేవాళ్లం, నా హిందీ ఆమెకే అర్థమయ్యేది. నన్ను మాత్రం వాళ్ల భాషలో చేచీ, అంటే అక్కా, అనేది. మొదటి నెలలోనే ఆమెను అడిగాను, "సిస్టర్, నాకు కూడా పెట్టు. ఎట్లుంటాదో చూస్తా."

"పిచ్చా చేచీ నీకు? అందరూ తప్పించుకుందామని చూస్తే నువ్వు అడుగుతున్నావా?"

పెట్టింది. నేను చెప్పకుండానే నా బొటనవేలు లేచి పడింది. నా వేలు నా మాట లేకుండా లేచింది! మళ్లీ పెట్టమన్నాను. మూడుసార్లు పెట్టించుకున్నాను. ఆ తర్వాత మంచం మీద పడుకున్న ఏ మనిషికైనా, "చీమ కుట్టినంత కాదు, రబ్బరు బ్యాండు లాగి వదిలినంత ఉంటాది. వేలు దానంతటదే లేస్తే భయపడొద్దు," అని చెప్పగలిగాను. ఈ గదికి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే. పడుకున్నవాళ్లకు ఏం జరుగుతుందో మీకు తెలియకుండా వాళ్ల చెయ్యి పట్టుకోకండి.

చల్లని చెయ్యి అబద్ధం చెబుతుంది. చల్లగా ఉంటే నరంలో కరెంటు నిదానంగా పోతుంది, జబ్బు లేకపోయినా ఉన్నట్లు గీత వస్తుంది. బయట ఎంత ఎండ ఉన్నా, మన ఆస్పత్రుల్లో ఏసీ కింద గంటసేపు కూర్చున్న మనిషి వేళ్లు ఫ్రిజ్‌లో పెట్టిన బెండకాయల్లాగా ఉంటాయి. కాబట్టి గోరువెచ్చని నీళ్ల బేసిను, తువ్వాలు నా పని. ఇంకొకటి, కొబ్బరినూనె. పెద్ద ఆస్పత్రికి పోతున్నామని మన ఆడవాళ్లు, కేరళ ఆడవాళ్లు తలకూ చేతులకూ నిగనిగలాడేట్లు నూనె రాసుకుని వస్తారు. నూనె చెయ్యి మీద బిళ్ల నిలవదు. ముందు స్పిరిట్ దూదితో తుడవాలి. "మంచిగా తయారై వస్తే తుడిచేస్తాండావేమక్కా," అని ఒకామె చిన్నబుచ్చుకుంది కూడా.

నా మొదటి పెద్ద తప్పు ఆ బేసిను దగ్గరే జరిగింది. షుగరున్న ఒక ముసలాయన పాదాలు నీళ్లలో పెట్టించాను. "వేడిగా ఉందా బాబా?" అని అడిగాను. "లేదు, బాగుంది," అన్నాడు. కాసేపటికి మడమ దగ్గర తోలు ఎర్రగా పొంగింది. ఆయన పాదాలకు స్పర్శే లేదు. స్పర్శ లేదని పరీక్షకు వచ్చిన మనిషిని వేడిగా ఉందా అని అడిగిన తెలివి నాది. ఆలీసు సిస్టరే దానికి మందు రాసి కట్టు కట్టింది. అప్పటి నుంచి నీళ్లలో ముందు నా మోచెయ్యి పెట్టి చూసేదాన్ని. మనిషిని అడిగి తెలుసుకునేవి కొన్ని ఉంటాయి, మనమే చూసి తెలుసుకునేవి కొన్ని ఉంటాయి. ఈ తేడా నాకు తెలిసిపోయిందనుకున్నాను. సగమే తెలిసిందని తర్వాత బయటపడింది.

కండరం చేసే చప్పుడు

కరెంటు పరీక్షతో తేలకపోతే సూది పరీక్ష. అది డాక్టరు చేస్తాడు. సన్నని సూదిని కండరంలో గుచ్చుతారు. మందేమీ ఎక్కించరు, ఆ సూది వింటుంది అంతే. కండరం లోపలి చప్పుడు మిషను స్పీకరులో వినిపిస్తుంది.

ఆ చప్పుడు విన్న రోజున నా చేతిలో తుడుపుగుడ్డ అట్లనే ఉండిపోయింది. చెయ్యి వదులుగా పెడితే ఏ చప్పుడూ ఉండదు. కొంచెం బిగిస్తే ఎండు చెనక్కాయను చెవి దగ్గర ఆడించినట్లు, టక టక. గట్టిగా బిగిస్తే ఇసకలో చెనక్కాయలు వేయిస్తుంటే బాణలంతా ఒకటే గలగల వస్తుంది కదా, అట్లా. ఒక్కొక్క గింజను విడదీసి వినలేం.

డాక్టరు హానీది ఈజిప్టు. ఆయన చెవి గొప్పది, ఓపిక చిన్నది. గీత చూడకుండానే చప్పుడు విని చెప్పేవాడు. ఉదయం ఎనిమిది మందిని చూడాలి, తొమ్మిదో మనిషి తలుపు దగ్గర నిలబడితే ఆయన ముక్కు ఎర్రబడేది. కానీ నేను ఏదైనా అడిగితే మాత్రం కసురుకోలేదు. ఇంటిపనిలో వచ్చిన నా అరబ్బీకి నవ్వేవాడు, "నువ్వు నాతో వంటింట్లో మాట్లాడినట్లు మాట్లాడతావు," అని.

ఒకసారి అడిగాను. "డాక్టర్, కొంతమందికి గట్టిగా బిగించమన్నా రెండు గింజలే మోగుతాయి. అయినా మీరు ఒకరికి జబ్బు అంటారు, ఒకరికి కాదంటారు. ఎట్లా?"

"ఎంత తొందరగా మోగుతున్నాయో విను," అన్నాడు. "నరం దెబ్బతింటే చాలా తీగలు పనిచెయ్యవు. మిగిలిన రెండే మొత్తం పని చెయ్యాలి. అందుకే తొందర తొందరగా మోగుతాయి. మనిషి అసలు ప్రయత్నించకపోతే అప్పుడూ రెండే మోగుతాయి, కానీ నిదానంగా."

నాకు వెంటనే అర్థమైంది. "పదిమంది పనివాళ్లున్న ఇంట్లో ఎనిమిది మంది వెళ్లిపోతే మిగిలిన ఇద్దరూ పరుగులు పెడతారు. పని లేని రోజయితే ఆ ఇద్దరే కనిపిస్తారు, కూర్చుని టీ తాగుతూ."

ఆయన ఆలీసు సిస్టరు వైపు తిరిగి, "మా ప్రొఫెసరు ఇది చెప్పడానికి గంట తీసుకున్నాడు," అన్నాడు. ఆ మాటను నేను ఒక వారం మోశాను.

కోనసీమ డ్రైవరు

ఇప్పుడు నా రెండో తప్పు సంగతి.

నేను ఆ గదికి వచ్చిన మూడో ఏడు. ఇంటి డ్రైవరు ఒకాయన వచ్చాడు, నలభై ఏళ్లుంటాయి, కోనసీమ. పేరు సత్తిబాబు. వారం రోజులుగా కుడి చేతిలో బలం లేదు, స్టీరింగు తిరగడం లేదు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, నమ్మడం లేదు. ఊరికి పోవడానికి సాకు అంటున్నాడట. కరెంటు పరీక్ష బాగానే వచ్చింది. సూది పరీక్షకు పడుకోబెట్టారు. ఆయన వణుకుతున్నాడు.

"ఏం కాదు బాబూ," అన్నాను తెలుగులో. "డాక్టరు పెద్దాయన. కోపం వస్తాది. ఎదురు బిగించొద్దు. చెయ్యి ఆయనకు వదిలెయ్. ఎట్ల తిప్పితే అట్ల పోనీ."

"ఆయ్, అలాగేనండి. తమరెలా సెబితే అలాగేనండి."

డాక్టరు తన అరచెయ్యి ఆయన చేతికి ఆనించి, "ధక్కా మారో, జోర్ సే," అన్నాడు. తొయ్యమని. ఆ మాట సత్తిబాబుకు తెలుసు, పదేళ్లుగా హిందీ మాట్లాడుతున్న మనిషి. చెయ్యి కొంచెం కదిలింది, డాక్టరు చెయ్యి తగలగానే వెనక్కి తగ్గింది. మళ్లీ అన్నాడు. మళ్లీ తగ్గింది. స్పీకరులో రెండు గింజలు నిదానంగా, టక... టక... టీ తాగుతున్న చప్పుడు. డాక్టరు సూది తీసేశాడు.

రెండు రోజుల తర్వాత సత్తిబాబు వరండాలో కనిపించాడు, చేతిలో కాగితం. "మనిషి ప్రయత్నించలేదని రాశారంటండి అమ్మగారూ. నేనేం తప్పు సేశానండీ? తమరు సెప్పినట్టే కదండీ ఉన్నాను?"

నేను ఏమన్నానో తెలుసా? "దేవుడున్నాడు బాబూ," అన్నాను. మనసులో మాత్రం, ఏమో, నాటకమేనేమో అనుకున్నాను. చప్పుడు నేనూ విన్నాను కదా. కొత్తగా నేర్చుకున్న చెవి మీద నాకు అంత నమ్మకం. ఆయన్ని ఊరికి పంపేశారు. తర్వాత ఏమైందో నాకు తెలియదు.

ఆ తర్వాత కూడా అటువంటివాళ్లు వచ్చారు. ఏడాదికి కొంతమంది. ఎక్కువగా ఇంటిపనివాళ్లు, డ్రైవర్లు. డాక్టరు నిట్టూర్చేవాడు, నేనూ లోపల నిట్టూర్చేదాన్ని.

రుమైథియా నుంచి వచ్చిన పిల్ల

ఆరేళ్ల కిందట ఒక మంగళవారం, ఈశ్వరమ్మ అనే పిల్ల వచ్చింది. ముప్పై ఏళ్లు. మా రాయచోటి వైపే. రుమైథియాలో ఒక ఇంట్లో మంచంలో ఉన్న ముసలామెను చూసుకునే పని. పొద్దున లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి, సాయంత్రం మంచం మీదికి మార్చాలి. నాలుగేళ్లు ఆమే చేసింది. పది రోజుల కిందట మెడలో చురుక్కుమని భుజం దాకా దిగింది. ఆ రోజు నుంచి కుడి చెయ్యి తొయ్యాలంటే నిలవడం లేదు. ఆదివారం నాడు ఎత్తుతుంటే చెయ్యి మడిచిపోయి ముసలామె కిందికి జారింది. దెబ్బ పెద్దది కాదు. కానీ పడింది.

ఆ ఇంటి మామా కూడా వచ్చింది, ముసలామె కూతురు. గది బయట కూర్చుని ఆలీసు సిస్టరుతో గట్టిగానే చెబుతోంది. "నాలుగేళ్లు మా అమ్మను పువ్వులాగా ఎత్తింది. ఇప్పుడు ఒక్కసారిగా చెయ్యి పోయిందంటుంది. నిజంగా జబ్బయితే చూపిస్తాను, వల్లాహి చూపిస్తాను. అబద్ధమై మా అమ్మను కావాలని వదిలేసిందంటే శుక్రవారం టికెట్టు ఉంది. పంపేస్తాను."

ఆమె చెడ్డదని నేను అనుకోలేదు. తల్లి కింద పడితే ఎవరికైనా అట్లనే ఉంటుంది. ఈశ్వరమ్మకు మాత్రం ఆ కాగితం మీదే అంతా ఉంది. ఉద్యోగం ఒక్కటే కాదు. ముసలామెను కావాలని పడేసిందన్న పేరు ఆమె మీద ఉంటుందా పోతుందా అన్నది.

కరెంటు పరీక్ష బాగానే వచ్చింది. మెడ దగ్గర నరం నొక్కుకుంటే చేతిలో కరెంటు మామూలుగానే పోవచ్చు, సూదే చెప్పాలి. డాక్టరు మోచెయ్యి వెనక కండరంలో సూది పెట్టాడు. వదులుగా ఉన్నప్పుడు చప్పుడు లేదు. నరం దెబ్బతింటే వదులు చెయ్యి కూడా చప్పుడు చేస్తుంది గానీ దానికి మూడు వారాలు కావాలి, పది రోజులే కదా అయింది అన్నాడు. ఆమె దగ్గర మూడు రోజులే ఉన్నాయి. ఇంక తొయ్యాలి.

"ధక్కా మారో."

తొయ్యలేదు. చెయ్యి ముందుకు వచ్చి, ఆయన అరచేతికి తగిలి, ఆగిపోయింది. టక... టక... నిదానంగా. మూడుసార్లు చెప్పాడు. తర్వాత సూది తీసి, "ఖలాస్. తర్వాతి మనిషిని పిలువు," అన్నాడు. పెన్ను తీసుకుని తన గదిలోకి పోయాడు.

ఈశ్వరమ్మ మంచం మీద నుంచి లేవడానికి కుడి చెయ్యి ఆనించింది. చెయ్యి నిలవలేదు. పక్కకు ఒరిగిపోయింది, నేను పట్టుకోకపోతే కింద పడేది. డాక్టరు చూడనప్పుడు మనిషి నాటకం ఆడదు.

"ఏం పాపా, డాక్టరు అంతసేపు తొయ్యమంటే ఎందుకు తొయ్యలా?" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది, నేను ఏదో కానిమాట అన్నట్లు. "డాక్టర్నా అక్కా? అంత పెద్దాయన్ని పట్టుకోని తోసేదా? మామా బయటే కూచోనుంది. నాలుగేండ్లల్లో ఆ ఇంట్లో నేను ఎవురి చెయ్యీ తోసిందాన్ని కాదు. కొట్టినా తొయ్యలా."

ఆ మాటతో అప్పుడు నేను అన్న మాటలు గుర్తొచ్చాయి. డాక్టరు పెద్దాయన, ఎదురు బిగించొద్దు, చెయ్యి వదిలెయ్. నా గొంతే. సత్తిబాబు. నేను పన్నెండేళ్లు ఇంటిపని చేసిన మనిషిని, ఈ సంగతి ఆ గదిలో అందరికంటే నాకే ముందు తెలియాలి. మా చేతులు పెద్దవాళ్ల చెయ్యి తగలగానే ఆగడం నేర్చుకున్న చేతులు. ఎవరూ ఆపమని చెప్పక్కర్లేదు. డాక్టరు దాన్ని నాటకం అని రాస్తున్నాడు. నేను అది విని తలాడించాను, ఇన్నేళ్లు.

మళ్లీ సూది

మా కంపెనీ సూపర్‌వైజరుకు ఒకే నియమం. డాక్టర్లతో మాట్లాడొద్దు, అడిగితేనే జవాబు. పద్నాలుగేళ్లలో నేను చూసిన పైవాళ్లలో చాలామంది ఇటువంటివాళ్లే. చెడ్డవాళ్లు కాదు, భయస్తులు. వాళ్ల మాట విని చాలాసార్లు నోరు మూసుకున్నాను. ఆ రోజు మూసుకోవడం కుదరలేదు.

డాక్టరు గది తలుపు కొట్టాను. "ఆ రుమైథియా పిల్లకు మళ్లీ చెయ్యాలి డాక్టర్."

"ఎందుకు? నువ్వూ విన్నావు కదా."

"విన్నాను. ఆమె ప్రయత్నించలేదు. అది నిజమే. కానీ నాటకం కాదు. మిమ్మల్ని తొయ్యడం ఆమెకు రాదు."

ఆయనకు అర్థం కాలేదు. నా అరబ్బీలో ఆ మాటలు లేవు. అప్పుడు సత్తిబాబు సంగతి చెప్పాను. నేను ఏం చెప్పానో, ఆయన ఎట్లా ఒప్పుకున్నాడో, వరండాలో నన్ను ఏం అడిగాడో, అంతా. ఉద్యోగం పోతుందని కూడా అనుకున్నాను. డాక్టరు పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నాడు.

"నువ్వు చెప్పావా అతనికి? చెయ్యి వదిలెయ్యమని?"

"నేనే డాక్టర్."

ఆయన పెన్ను కింద పెట్టాడు. కాగితం మీద అప్పటికే రాసిన వరుసను చూశాడు. తర్వాత లేచి, "పిలువు," అన్నాడు.

ఈశ్వరమ్మను మళ్లీ పడుకోబెట్టాం. డాక్టరు సూది పెట్టాడు. ఈసారి ఆయన చేతికి బదులు నా అరచెయ్యి పెట్టాను.

"పాపా, నన్ను తొయ్యి."

"అక్కా, నువ్వు పెద్దదానివి..."

"ఏం పెద్ద? గదులు తుడిచేదాన్ని. తొయ్యి."

టక... టక... ఇంకా నిదానమే. డాక్టరు గడియారం వైపు చూశాడు.

"మీ అత్త ఎట్లాంటిది మ్మే?" అని అడిగాను.

"మా అత్తా? దాని కత ఎందుకు లేక్కా."

"నేనే మీ అత్తను అనుకో. నువ్వు కువైట్‌లో సుఖపడుతున్నావంట, సెంట్లు పూసుకోని తిరుగుతాండావంట, ఊరంతా చెప్పొచ్చినా."

ఆ పిల్లకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే పళ్లు బిగించింది. "నీ నోట్లో మన్ను పొయ్య!" అని తోసింది. నా చేతికి పెద్ద బలం తగల్లేదు, చిన్నపిల్ల తోసినంతే. మెడ నరాలు లేచాయి, నుదుటి మీద చెమట పట్టింది. స్పీకరులో రెండే గింజలు. కానీ టకటకటకటక, ఊపిరి తిప్పుకోకుండా. పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలి పరుగులు పెడుతున్న చప్పుడు.

డాక్టరు చెయ్యి పైకెత్తాడు, అందరినీ ఆగమన్నట్లు. ఎవరూ మాట్లాడటం లేదు, అయినా ఎత్తాడు. "ఇంకొకసారి," అన్నాడు మెల్లగా. ఇంకొకసారి తోసింది. అదే చప్పుడు. ఆయన పక్క కండరంలో కూడా పెట్టి విన్నాడు. తర్వాత తానే సూది తీసి, దూది పెట్టి, ఆ పిల్ల చెయ్యి నొక్కి పట్టుకున్నాడు. ఆ పని ఎప్పుడూ ఆలీసు సిస్టరుది.

రాసిన కాగితం చింపి, వేరే రాశాడు. మామా దగ్గరికి ఆయనే పోయాడు. తలుపు తెరిచి ఉంది, విన్నాను. "నీ పనిమనిషి అబద్ధం చెప్పలేదు. మెడ దగ్గర నరం నలిగింది. నీ తల్లిని ఎత్తీ ఎత్తీ అయి ఉండొచ్చు. స్కాను తీయించు. మూడు నెలలు ఏమీ ఎత్తకూడదు."

మామా కుర్చీలోంచి లేచింది. తర్వాత, "మరి మా అమ్మను ఎవరు లేపుతారు?" అంది. ఆమె తన చేతిసంచిని కాసేపు అటూ ఇటూ తిప్పి, ఈశ్వరమ్మ వైపు చూసి, "నొప్పి అని గట్టిగా చెప్పొచ్చు కదా నాతో," అంది. ఆ మాట ఆ పిల్లతో అన్నదో తనతో అనుకున్నదో నాకు తెలియదు. శుక్రవారం టికెట్టు రద్దు చేయించింది. స్కానులో డాక్టరు చెప్పినట్లే తేలింది. ఏడాది దాటాక ఈశ్వరమ్మను అబ్బాసియాలో కూరగాయల అంగడి దగ్గర చూశాను, కుడి చేత్తోనే సంచి పట్టుకుని ఉంది. కొంచెం బలం తక్కువే అంది. ఆ ఇంట్లోనే ఉంది, ముసలామెను ఎత్తడానికి ఇద్దరిని పెట్టారట.

చెయ్యి చాపితే

ఆ మంగళవారం అందరూ పోయాక నేను గది తుడుస్తున్నాను. డాక్టరు తిరిగి వచ్చాడు. పాత రిజిస్టర్లు తీయించాడు. సత్తిబాబు పేరు దొరికింది. ఉన్న నంబరుకు ఆలీసు సిస్టరు ఫోను చేసింది. వేరే ఎవరో ఎత్తారు, వాళ్లకు తెలియదు. ఇక్కడ నేను మీకు మంచి కబురు చెప్పలేను. ఆయన చెయ్యి బాగయిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఒకరికి సరిచేసింది ఇంకొకరి లెక్కలో చెల్లదు.

డాక్టరు చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. "అతన్ని చూసింది నేను. నువ్వు ఒక మాట చెప్పావు, నిజమే. కానీ తొయ్యని చెయ్యి ఎందుకు తొయ్యడం లేదని అడగాల్సింది నేను," అన్నాడు. "నీ భాషలో ఒక కాగితం రాసి గోడ మీద పెట్టు. డాక్టరును గట్టిగా తొయ్యాలి, అది తప్పు కాదు, అని."

"నాకు రాయడం రాదు డాక్టర్."

ఆ కాగితం కోసమే తర్వాత సుజాత దగ్గర అక్షరాలకు కూర్చున్నాను, రాసి గోడ మీద పెట్టాను కూడా. ఆ రోజు మాత్రం డాక్టరు తన అరచెయ్యి చాపాడు. "సరే, నాకు చూపించు. వాళ్లు ఎట్లా ఆగిపోతారు?"

నేను చూపించడానికే చెయ్యి పెట్టాను. "ఇట్లా," అన్నాను.

"ఇప్పుడు నిజంగా తొయ్యి."

తోద్దామనే అనుకున్నాను. భుజం నుంచి బలం బయల్దేరింది కూడా. ఆయన అరచెయ్యి తగలగానే నా చెయ్యి ఆగిపోయింది. నేను ఆపలేదు. మొదటి నెలలో నా మాట లేకుండా నా బొటనవేలు లేచినట్లే, ఇప్పుడు నా మాట లేకుండా నా చెయ్యి ఆగింది. మేమిద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. మిషను పెట్టి ఉంటే ఆ చప్పుడు ఎట్లా ఉండేదో నాకు తెలుసు.

ఆ రోజు తొయ్యలేకపోయాను. రూముకు పోయి గోడను తోసి చూశాను. పక్క మంచం పిల్లను నిలబెట్టి తోశాను, "ఏమైంది అక్కా నీకు" అని అది నవ్వింది. చేతిలో బలం ఉంది. బాగానే ఉంది.

మరుసటి రోజు పొద్దున అందరికంటే ముందు పోయాను. బేసినులో నీళ్లు పట్టలేదు, తువ్వాళ్లు మడవలేదు. డాక్టరు టీ గ్లాసుతో వచ్చి కుర్చీలో కూర్చునేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

"డాక్టర్, గ్లాసు కింద పెట్టండి. చెయ్యి చాపండి."

చాపాడు. నా అరచెయ్యి పెట్టాను. అది ఆగబోయింది, నాకు తెలిసింది. ఆగనివ్వలేదు. తోశాను. ఆ కుర్చీకి చక్రాలున్న సంగతి ఇద్దరమూ మరిచిపోయాం. ఆయన వెనక్కి, మంచం దాటి, సింకు దాటి, గోడకు తగిలేదాకా పోయాడు. తలుపులోకి వస్తున్న ఆలీసు సిస్టరు "ఈశో!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

డాక్టరు గోడ దగ్గరే కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని, నా వైపు చూశాడు. "బలం బాగానే ఉంది," అన్నాడు. "యల్లా, మొదటి మనిషిని పిలువు."

బయటికి పోయి పిలిచాను.